కుడి తుంటి దగ్గర అరుగుదల

విక్,
3 మార్చి 1996.

చిరంజీవి ఇన్నెస్‌కు అమ్మమ్మ విలమీనా ఆశీర్వదించి రాయునది.

నీ నడుముకు కట్టుకోవడానికి కుట్టిన కిల్ట్ నిన్న పోస్టులో వేశాను. పాత ఉన్ని మేజోడు పాదం కత్తిరించి, ఆ గొట్టంలో చుట్టి పెట్టాను. తీయగానే తగిలించకు, ఒక పూట మంచం మీద పరిచి ఉంచు. ఎనిమిది గజాల గుడ్డ, ఇరవై ఏడు కుచ్చిళ్లు. నా పుస్తకంలో ఇది నూట తొంభై నాలుగోది. ఇదే ఆఖరిది. బొటనవేలు ఇక సూదిని నెట్టనంటోంది.

పెళ్లిళ్లలో బ్యాగ్‌పైప్ వాయిస్తూ ఊళ్లు తిరగడం ఒక పనేనా అని నేను అడగను. తిరిగేటప్పుడు మాత్రం మనిషిలా కనబడు. అందుకే కిల్ట్ కుట్టాను, అందుకే తాతయ్య కారు ఇచ్చాను.

జనవరిలో తాళం నీ చేతిలో పెట్టినప్పుడు నువ్విచ్చిన మాట మళ్లీ రాస్తున్నాను, కాగితం మీద ఉండాలి కాబట్టి. డుగల్డ్ నడిపే బండిలో నువ్వు ఎక్కవు. మీ నాన్నతో మాట్లాడొద్దని నేనెప్పుడూ అనలేదు. అతను స్టీరింగ్ పట్టుకుంటే పక్కన కూర్చోవద్దన్నాను. బెర్రిడేల్ కొండ మలుపులో మీ అమ్మను, నా రోనాను పోగొట్టిన చేతులవి. ఆ రోజు నువ్వు వెనక సీట్లో ఉన్నావు, ఆరేళ్లవాడివి. కూతురు పోయింది, మనవణ్ణి కూడా ఆ చేతుల్లో పెట్టలేను. పదహారేళ్లయినా నాకు అంతే.

ఎలా కుదిరిందో ఉత్తరం రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో అన్నదాన్ని ఎవరూ దాచుకోలేరు.

అమ్మమ్మ.


పెర్త్,
24 మార్చి.

అమ్మమ్మకు నమస్కారాలు.

కిల్ట్ నా నడుము చూసి పుట్టినట్టుంది. నిలబడితే రాజాలా ఉన్నాను. కూర్చున్నప్పుడే చిక్కు.

శనివారం ఓబన్‌లో పెళ్లి. తొంభై అయిదు మైళ్లు. సగం దూరం వెళ్లేసరికి బకిల్ పక్కటెముకల్లో, ముందు వేలాడే తోలు సంచి పొట్టలో, మేజోడులో దోపిన చిన్న కత్తి పిక్కలో దిగాయి. కిందకి దిగి నిలబడితే వెనక కుచ్చిళ్లు ఎవరో తొక్కిన కాగితంలా ఉన్నాయి. పెళ్లికూతురి మేనత్త నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"ఏం నాయనా, దీని మీదే పడుకుని లేచావా?"

"లేదండీ, కూర్చుని వచ్చాను."

"కూర్చునేవాళ్ల కోసమే కదా ప్యాంట్లు కనిపెట్టారు" అంది. ఆవిడ వెనకున్న వరసంతా నవ్వింది. పాస్టరు కూడా నవ్వాడు.

ప్యాంటు వేసుకుని వెళ్లి అక్కడ మార్చుకుంటే తప్పా? మిగతా పైప్ వాళ్లంతా పెట్రోలు బంకుల్లో మార్చుకుంటున్నారు. నువ్వు ఒప్పుకోవని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇన్నెస్.


విక్,
31 మార్చి.

చిరంజీవి ఇన్నెస్‌కు,

ప్యాంటు మాట మళ్లీ ఎత్తకు. పెట్రోలు బంకులో మార్చుకుంటే అది వేషమవుతుంది. కిల్ట్ బట్ట. మీ తాతయ్య దానితోనే పడవెక్కాడు, సైకిలు తొక్కాడు, చేపల బండి వెనక కూర్చుని ఇన్వర్‌నెస్ దాకా వెళ్లాడు. కూర్చోవడం చేతకాకపోతే నేర్చుకోవాలి. నిదానంగా చదువు.

సీటు మీద ఆ నైలాన్ తొడుగు తీసెయ్యి. ఉన్ని దానికి అతుక్కుంటుంది, నువ్వు కదిలితే కుచ్చిళ్లు కదలవు. నూలు దుప్పటి నాలుగు మడతలు వేసి పరుచు. ఎక్కేటప్పుడు కాలు ముందు పెట్టకు. సీటుకు వీపు తిప్పి, రెండు చేతుల వెనక వైపుతో కుచ్చిళ్లను నడుము నుంచి మోకాళ్ల దాకా ఒక్క ఊపున దించి, అప్పుడు కూర్చో. ఆడపిల్లలు గౌను సర్దుకున్నట్టే. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కూర్చున్నాక మోకాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పుకో.

సంచి నడుము నుంచి తీసి పక్క సీట్లో పెట్టు, ఆ సీటు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. కత్తి డ్యాష్‌బోర్డు అరలో పెట్టు. కుడి తుంటి మీదున్న రెండు తోలు పట్టీల్లో కిందది విప్పు, పైది ఒక రంధ్రం వదులు చెయ్యి. ముందు పొర తెరిచి, దాని కింద ఉండే లోపలి పొరను తొడల మీద సాపుగా పరిచి, మళ్లీ మూసుకో. అందరూ మర్చిపోయేది ఆ లోపలి పొరనే. అది చుట్టుకుపోయి పొట్టను నొక్కుతుంది, మనుషులు బకిల్‌ని తిడతారు. సీటు బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద పడాలి.

యాభై మైళ్లకొకసారి దిగు. నిలబడి ఒక్కసారి విదిలించు, రెండు నిమిషాలు నడువు.

ముఖ్యమైనది ఒకటుంది. బూట్ల తాళ్లు పిక్కకు చుట్టి ముడి వేస్తావు కదా, అలాగే బండి నడపకు. పెడల్‌కు చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ బూట్లతో నడుపుతున్నావో రాయి.

అమ్మమ్మ.


పెర్త్,
28 ఏప్రిల్.

అమ్మమ్మకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. నెయిర్న్‌లో పెళ్లికి నూట ఇరవై మైళ్లు పైమాటే. దిగితే కుచ్చిళ్లు కత్తితో గీసినట్టున్నాయి. లోపలి పొర సంగతి అక్షరాలా నిజం. పొట్ట అనేది ఉందన్న సంగతే మర్చిపోయాను. దారిలోనే కొత్త రాగం రెండో భాగం కూడా పట్టుబడింది.

మధ్యలో బంకు దగ్గర దిగి విదిలిస్తుంటే లోపలి నుంచి అమ్మాయి తల బయటపెట్టి, "సార్, గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. అటు తిరిగి విదిలించుకోండి, ఇక్కడ పెద్దవాళ్లు టీ తాగుతున్నారు" అంది. బిళ్ల బిస్కెట్టు ఒకటి ఊరికే ఇచ్చింది. ప్యాంటులో వెళ్తే ఎవరిస్తారు?

తాతయ్య సమాధికి రాయి పెట్టేది మే 25నే కదా. కిల్ట్‌లోనే వస్తాను. రాయి దగ్గర వాయిస్తాను. రెండు వందల పదిహేను మైళ్లు. నీ పాఠానికి అదే పరీక్ష.

ఇన్నెస్.


విక్,
2 జూన్.

చిరంజీవి ఇన్నెస్‌కు,

వారమంతా నీ రాకే తలుచుకుంటున్నాను. ఊరికే మెచ్చుకునే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. కారు గేటు దగ్గర ఆగింది, దిగావు, ఒక్క విదిలింపుకు ఇరవై ఏడూ వాటి వరసలో పడ్డాయి. నేను కిటికీలోంచి లెక్కపెట్టాను. పక్కింటి బార్బరా, "విలమీనా, మీ మనవడు పెర్త్ నుంచి కూర్చుని వచ్చాడా, వేలాడుతూ వచ్చాడా?" అంది. నేను నవ్వలేదు. ఆవిడ వెళ్లాక నవ్వాను.

బెర్రిడేల్ మలుపులు ఒక్కడివే ఎలా దాటావో అడుగుదామనుకుని అడగలేదు. దాటావు, అది చాలు. ఆ కొండ మీదుగా నువ్వు నీ చేతులతో నడుపుకుని వచ్చావన్న సంగతి నాకు చాలా పెద్దది. తాతయ్య రాయి దగ్గర మనసులో అదే చెప్పుకున్నాను.

సూప్ తాగుతూ గడియారం రెండుసార్లు చూశావు. దారిలో తింటానని నాలుగు ఓట్స్ రొట్టెలు కట్టించుకున్నావు. ఇంకో గంట ఉంటే బాగుండేది. అది ఫిర్యాదు కాదు.

వెళ్తూ గుమ్మంలో ఈ గుడ్డ ఎక్కడ నేయించావని అడిగావు. అప్పుడు చెప్పిందే ఇప్పుడూ రాస్తున్నాను. కొత్త గుడ్డ. దక్షిణాన ఒక మిల్లుకు ఆర్డరిచ్చి నేయించాను.

నేను కుట్టిన ప్రతి కిల్ట్ మొదటి ఏడాది ఒకసారి నా దగ్గరికి తిరిగి వస్తుంది. ఎక్కడ లాగుతోందో, ఎక్కడ అరుగుతోందో చూసి సరిచేసి పంపుతాను. నీదీ పంపు. బూట్ల సంగతి నువ్వింకా రాయలేదు.

అమ్మమ్మ.


పెర్త్,
20 జూన్.

అమ్మమ్మకు,

కిల్ట్ పంపుతున్నాను. ఆగస్టు మొదటి వారం దాకా నాకు పెళ్లిళ్లు లేవు, తొందరేమీ లేదు.

గుడ్డ గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ పుస్తకంలోనూ అలాగే రాశావా?

ఇన్నెస్.


విక్,
7 జూలై.

ఇన్నెస్‌కు,

కిల్ట్‌ని బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి, రెండు రోజులు చూశాను. చూసింది చూసినట్టు రాస్తాను.

బండి నడిపేవాడు కుడి వైపు కూర్చుంటాడు. సీటు బెల్టు కొక్కెం అతని ఎడమ తుంటి పక్కన ఉంటుంది. మైళ్ల కొద్దీ నడిపితే రాపిడి ఎడమ పట్టీ మీద పడుతుంది. నీ ఎడమ పట్టీ నేను కుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కుడి వైపు కింది పట్టీ తోలు పొట్టు లేచింది, దాని పక్కన ఉన్ని నూగు పోయి దారాలు కనబడుతున్నాయి. ముందు వైపు కొక్కెం కుడి తుంటి పక్కన ఉండే సీటు ఒక్కటే, నడిపేవాడి పక్కది.

అది చాలదని కుచ్చిళ్లు చూశాను. నడిపేవాడి కుడి కాలు ఊరుకోదు. పెడల్ మీద లేస్తూ పడుతూ ఉంటుంది, కుడి తొడ కింద గుడ్డ నిగనిగలాడుతుంది. నీది రెండు వైపులా ఒక్క తీరుగా ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడి గుడ్డ అది.

బార్బరా వచ్చి చూసి, "పోనీలే విలమీనా, కుర్రాడు ఎవరో స్నేహితుడితో వెళ్లుంటాడు" అంది. "స్నేహితుడైతే ఉత్తరంలో రాసేవాడు" అన్నాను. 

దారిలో రాగం పట్టుబడిందని రాశావు. రెండు చేతులూ స్టీరింగ్ మీదున్నవాడు రాగం ఎలా పట్టాడని నేను అప్పుడే అడగాల్సింది. బూట్లు ఏవని మూడు నెలలుగా అడుగుతున్నాను. పెడల్ తొక్కనివాడు ఏం చెబుతాడు?

నడిపింది డుగల్డ్ అని నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు దాచావు కాబట్టి తెలిసింది.

సంచి పక్క సీట్లో పెట్టమని రాశాను. ఆ సీట్లో కూర్చునేది నువ్వేనని తెలిసే ఆ ఉత్తరం చదివావు. నేను నీ ప్రాణం కోసం రాసిన ప్రతి వాక్యాన్నీ అతని పక్కన కూర్చుని వాడుకున్నావు. రాయి దగ్గర నువ్వు వాయిస్తుంటే నేను మీ తాతయ్యకు చెప్పుకున్నది అబద్ధమైంది. చనిపోయినవాళ్లకు చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం నాకు తెలియదు.

ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. నా ఓట్స్ రొట్టెలు ఎవరు తిన్నారు?

విలమీనా బేన్.


పెర్త్,
21 జూలై.

అమ్మమ్మకు,

నాన్నే తిన్నాడు. రెండు. మిగతా రెండూ నేను తిన్నాను. లిబ్‌స్టర్‌లో టీ కొట్టు బయట నాలుగు గంటలు నాకోసం ఆగాడు. ఆ పదమూడు మైళ్లూ మాత్రం నేనే నడిపాను. అంతకు మించి నడపలేను.

జనవరిలో నీ దగ్గర తాళం తీసుకుని బయలుదేరాను కదా. డన్‌బీత్ దాకా బాగానే వెళ్లాను. అవతల బెర్రిడేల్ కొండ అని బోర్డు కనబడగానే చేతులు వణకడం మొదలైంది. పక్కకు ఆపి గంట కూర్చున్నాను. టెలిఫోను డబ్బాలోంచి ఎవరికి చెయ్యాలో తోచలేదు. నీకు చేస్తే తాళం వెనక్కి అడుగుతావనిపించింది. నాన్నకు చేశాను. ఇన్వర్‌నెస్ నుంచి బస్సులో వచ్చాడు. ప్రమాదం తర్వాత ఆయన పదకొండేళ్లు స్టీరింగ్ ముట్టలేదట, ఆ కొండకేసి అసలే రాలేదట. బస్సు దిగి, "నీకు చేతులు వణికితే నాకు కాళ్లు వణుకుతున్నాయిరా, ఎవరు నడుపుదాం?" అన్నాడు. నడక కంటే నెమ్మదిగా దించాడు. వెనక లారీవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. అడుగున బండి ఆపి ఇద్దరం దిగి నిలబడ్డాం. ఆ తర్వాత ప్రతి పెళ్లికీ ఆయనే వచ్చాడు.

నీకు మాట ఇచ్చాను, తప్పాను. దానికి సాకు చెప్పను. నడపగలనని నీతో అబద్ధమాడాను. నువ్వు గర్వపడుతుంటే ఆపలేకపోయాను.

ఇప్పుడు నా ప్రశ్న. మేలో మీ ఇంటికి వస్తూ హెల్మ్‌స్‌డేల్‌లో ఆగాం. మళ్లీ ఎక్కి, నువ్వు చెప్పినట్టే కింది పట్టీ విప్పి, లోపలి పొర తొడల మీద పరిచాను. నాన్న తాళం తిప్పబోయి ఆగిపోయాడు. లోపలి పొర అంచున గోరంత మచ్చ ఉంది, ఇస్త్రీపెట్టె మొన కాలినట్టు. వేలితో దాన్ని తడిమాడు. తర్వాత మెల్లగా, "ఇది మీ అమ్మ కాల్చింది. మా పెళ్లి రోజు పొద్దున" అన్నాడు. "'పైన పడలేదులే, లోపలే పడింది, మనిద్దరికే తెలుస్తుంది' అని నవ్వింది" అన్నాడు.

కిల్ట్ ఆయన పెళ్లిది. నువ్వే కుట్టిచ్చావట. ప్రమాదం తర్వాత ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంట్లోంచి పోయిందట. అడిగితే నువ్వు కాల్చేశానన్నావట. పదహారేళ్లు ఆయన అది బూడిదైపోయిందనుకున్నాడు.

గుమ్మంలో నిన్ను అడిగింది ఊరికే కాదు. నిజం చెప్తావేమో అనుకున్నాను. కొత్త గుడ్డ అన్నావు. కాగితం మీద కూడా రాశావు. నిజం చెప్పడానికి నాకైతే భయం అడ్డుంది. నీకేం అడ్డుందో నాకు తెలియాలి.

ఇన్నెస్.


విక్,
29 సెప్టెంబరు.

చిరంజీవి ఇన్నెస్‌కు,

రెండు నెలల ఎనిమిది రోజులు జవాబు రాయలేదు. నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. వాటిలో తప్పులన్నీ నీవే ఉన్నాయి. అందుకే వేశాను.

అడిగినదానికి జవాబు. అవును, ఆ కిల్ట్ డుగల్డ్‌ది. 1973లో నేనే కుట్టాను, పుస్తకంలో అరవై రెండోది. ప్రమాదమైన వారానికి వాళ్లింటికి వెళ్లి రోనా బట్టలు తెచ్చుకున్నాను. వాటి పక్కనే అతని కిల్ట్ వేలాడుతోంది. అది కూడా తెచ్చాను. అతనిదేదీ అతనికి మిగలకూడదనుకున్నాను. కాల్చడానికి పొయ్యి దగ్గరికి తీసుకెళ్లిన మాట నిజం. కాల్చానని చెప్పిన మాట అబద్ధం.

గత శీతాకాలం నీకు కిల్ట్ కుట్టాలనుకున్నప్పుడు నా బొటనవేలికి ఇంకొక్కటే మిగిలిందని తెలుసు. కొత్త గుడ్డ తెప్పించవచ్చు. తెప్పించలేదు. అది తీసి అన్ని కుట్లూ విప్పి, ఉతికి, నీ నడుముకు మళ్లీ కుచ్చిళ్లు పెట్టాను. మచ్చ దగ్గర గుడ్డ నాకు అవసరం లేదు. అక్కడి దాకా కోసేస్తే లోపలి పొర ఇంకా బాగా పడేది. కత్తెర పెట్టాను. అది రోనా చేతి తప్పు. ఇస్త్రీపెట్టె అంత వేడి చెయ్యకే అని నేను వంటింట్లోంచి అరుస్తూనే ఉన్నాను ఆ రోజు. కొయ్యలేకపోయాను. ఎవరూ చూడని చోటు వెతికి పెట్టాను. కూర్చునేటప్పుడు ఆ పొరనే పరుచుకోమని నీకు నేనే నేర్పాను. నూట తొంభై నాలుగు కిల్ట్‌లు కుట్టినదాన్ని, ఆ సంగతి తోచలేదు.

అతనికి కోర్టు తప్పు పట్టలేదు. రోడ్డు మీద మంచు పేరుకుందన్నారు, వేగం ముప్పై దాటలేదన్నారు. ఆ కాగితం నా దగ్గరుంది. నీకెప్పుడూ చూపించలేదు. ఇప్పుడు ఈ ఉత్తరంతో పెట్టాను.

నిన్ను క్షమించానని రాయడం లేదు. రాస్తే అబద్ధమవుతుంది, ఈ ఏడాదికి అవి చాలు. నువ్వు మాట తప్పినందుకు నాకు బాధే. నాలుగు గంటలు నా ఇంట్లో కూర్చుని, నా మొహం చూస్తూ, నా అబద్ధం తెలిసి కూడా సూప్ బాగుందన్నావు. దానికి ఇంకా బాధ. అతను కూడా నన్ను క్షమించనవసరం లేదు. ఆ సంగతి చెప్పు.

పుస్తకంలో నూట తొంభై నాలుగు దగ్గర 'కొత్త గుడ్డ' అన్న మాట కొట్టేశాను. 'డుగల్డ్ కిల్ట్, విప్పి మళ్లీ కుట్టినది' అని రాసి తేదీ వేశాను. బార్బరా చూసి, "ఇప్పుడు ఎవరు చదువుతారు విలమీనా?" అంది. "నేను" అన్నాను.

కిల్ట్ తిరిగి పంపుతున్నాను. కుడి వైపు కింది పట్టీ కొత్తది వేశాను. కొక్కెం రాసుకునే చోట లోపలి నుంచి మెత్తటి తోలు ముక్క పెట్టి కుట్టాను. సూది దిగకపోతే పట్టకారుతో లాగాను, మూడు రోజులు పట్టింది. ఎడమ వైపు ఏమీ పెట్టలేదు. అక్కర్లేదు కదా. మచ్చ జోలికి పోలేదు.

మిగతాదంతా మొదట రాసినట్టే. నూలు దుప్పటి, కత్తి అరలో, బెల్టు తుంటి ఎముకల మీద. పక్క సీటు ఖాళీ లేదు కాబట్టి సంచి వెనక పెట్టు. యాభై మైళ్లకొకసారి ఆగండి. హెల్మ్‌స్‌డేల్‌లో, కొండ ఎక్కకముందు, ఎన్ని మైళ్లయినా సరే ఆగండి. నువ్వొక్కడివే దిగితే చాలదు. ఇద్దరూ దిగండి.

నడిపేవాడి బూట్లు ఏవో రాయి.

అమ్మమ్మ.